రెండు హత్యలకు ఒకే ప్రాజెక్టు

మెల్‌బోర్న్‌కు వచ్చిన మొదటి ఏడాది 'విక్టోరియన్' అన్న మాట వినని రోజు లేదు. నా పర్సులో ఉన్నది విక్టోరియన్ లైసెన్సు. రైలు ఆలస్యమైతే అందరం తిట్టేది విక్టోరియన్ ప్రభుత్వాన్ని. వేసవిలో అడవులు అంటుకుంటే రేడియోలో మాట్లాడేది విక్టోరియన్ అధికారులు. రాష్ట్రం పేరు విక్టోరియా, అందుకని ఇక్కడిది ఏదైనా విక్టోరియన్. కాకినాడ బడిలో చదివిన విక్టోరియా మహారాణి నాకు గుర్తే. కానీ ఆవిడ పేరు మీద ఒక కాలం మొత్తం ఉందనీ, దాన్నీ ఇదే మాటతో పిలుస్తారనీ నా చెవిన పడలేదు. పడాల్సిన రోజున నేను క్లాసుకు వెళ్లలేదు. నిద్రపోయాను. చెప్పుకోవడానికి అంతకంటే మంచి కారణం లేదు.

ఐటీ మాస్టర్స్ చేస్తూ బయటి విభాగం నుంచి ఒక సబ్జెక్టు తీసుకోవచ్చంటే ఫొటోగ్రఫీ తీసుకున్నాను. బంధువుల పెళ్లిళ్లలో కెమెరా పట్టుకుని తిరిగినవాణ్ణి, నాకు కొత్తగా నేర్పేదేముందని ధీమా. క్లేటన్‌లో మా అద్దె ఇంట్లోనే ఉండే వరంగల్ కుర్రాడు కూడా అదే తీసుకున్నాడు. నాకంటే చిన్నవాడు, కానీ అతనిది చివరి సెమిస్టరు. ఈ ఒక్కటి గట్టెక్కితే చదువు పూర్తవుతుంది. అడిలైడ్‌లో ఉద్యోగం ఖాయమై ఉంది, కోర్సు పూర్తయితేనే చేర్చుకుంటామన్నారు. ప్రాజెక్టు ఇద్దరు కలిసి చెయ్యాలి. మార్కులు ఇద్దరికీ ఒకటే.

నేను క్లాసు ఎగ్గొట్టిన రోజు మధ్యాహ్నం అతను ఇంటికొచ్చి నన్ను లేపాడు.

"అన్నా, టాపిక్ ఇచ్చిన్రు. విక్టోరియన్ మర్డర్ మిస్టరీ అంట. గా వీధులన్నీ ఫొటోలు తియ్యాలె. కథ చెప్త విను."

"కథ నాకెందుకురా? కథ నువ్వు రాసుకో. ఫొటోలు నేను చూసుకుంటా."

"ఏ మర్డరో తెల్వద్దా మరి?"

"పేపర్లో చదవట్లేదా ఏంటి, నాకు తెలీదా?"

అతను జోకనుకుని నవ్వాడు. ఎదుటివాడు మాట పూర్తి చెయ్యకముందే నాకు అర్థమైపోయేది. అప్పట్లో నా జబ్బు అది.

అంతకు ముందు ఏడాది ఆగ్నేయపు శివారులో ఒక పెద్దాయన తన ఇంట్లోనే హత్యకు గురయ్యాడు. చంపినవాడు దొరకలేదు. విక్టోరియాలో జరిగిన మర్డర్, పైగా మిస్టరీ. నేను బస్సెక్కి ఆ వీధికి వెళ్లాను. మామూలు ఇటుక ఇల్లు, ముందు ఎండిన గడ్డి. తలుపుకు గురిపెట్టి తీస్తుంటే పక్కింటావిడ చెత్త బిన్ లోపలికి లాక్కోవడానికి బయటికొచ్చింది. ఆయన నీకు తెలుసా అని అడిగింది. తెలియదు, యూనివర్సిటీ పని మీద వచ్చానన్నాను.

"చనిపోవడానికి ఆయనకు ఒక్క రాత్రి పట్టింది" అందావిడ. "అంతకు ముందు ఏళ్ల తరబడి ఇక్కడ బతికాడు. ఆ కంచె ఆయన కట్టిందే. నా బిన్ కూడా ఆయనే తెచ్చి పెట్టేవాడు. వచ్చిన ప్రతివాడూ తలుపు ఫొటో తీసుకుని పోతాడు."

సారీ చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లేదాకా కెమెరా దించి నిలబడ్డాను. వెళ్లాక మళ్లీ ఎత్తి తలుపు ఫొటో ఇంకోటి తీశాను.

ఆ తరవాత రెండు మూడు వారాలు అక్కడి బస్టాపు, కార్ పార్కింగు, మలుపులోని మందుల షాపు, అన్నీ తీశాను. "ఫొటోలెట్ల వస్తున్నయన్నా?" అని మా వాడు అడిగినప్పుడల్లా "సూపర్" అనేవాణ్ణి. అతను పెట్రోల్ బంక్‌లో పని చూసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడు లైబ్రరీలో పాత పత్రికలు చదివి రాసుకుంటున్నాడు. ఏం రాస్తున్నాడో నేను ఒక్కసారీ అడగలేదు.

సోమవారం క్లాసులో చూపించాలనగా శుక్రవారం సాయంత్రం వంటింట్లో లాప్‌టాప్ తెరిచాను. మా వాడు అన్నం పళ్లెంతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"గీ ఇల్లెవరిదే?"

"చచ్చిపోయినాయనది."

"ఆయనేంది? ఆమె గదా!"

"ఆమె ఎవర్రా?"

"టోపీల దుకాణంల పనిచేసే పిల్ల!"

"ఈ రోజుల్లో టోపీల దుకాణమేంట్రా?"

"గీ రోజులని ఎవరు జెప్పిన్రు? గుర్రబ్బండ్ల కాలం! విక్టోరియన్!"

"అందుకేగా విక్టోరియాలో తీసింది?"

అతను పళ్లెం పొయ్యి పక్కన పెట్టాడు. నా మొహం చూశాడు, తెర మీదున్న కార్ పార్కింగు చూశాడు, మళ్లీ నా మొహం చూశాడు.

"అన్నా, విక్టోరియా రాణి కాలమే! సిటీ నడిమిట్ల జరిగింది. క్లాసంత గా గల్లీ చుట్టూ తిరుగుతున్నరు. నువ్వేమో కార్ పార్కింగులు తీసుకొచ్చినవా?" తరవాత గొంతు తగ్గింది. "పాయె. నా అడిలైడ్ పాయె."

అప్పుడు నేను అనాల్సిన మాట ఒక్కటే. దానికి బదులు "నువ్వు సరిగ్గా చెప్పలేదు" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా సిగ్గుగా ఉంటుంది. అతను తిట్టి ఉంటే తేలికయ్యేది. తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని నా ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు. రెండోసారి తీసిన తలుపు ఫొటో దగ్గర ఆగాడు. అందులో పక్కింటి కిటికీ తెర వెనక నుంచి ఆవిడ నన్నే చూస్తోంది. తీసిన నేను అంతవరకూ గమనించలేదు.

"ఈమె ఎవరు?"

చెప్పాల్సి వచ్చింది. ఆవిడ అన్నదీ, నేను చేసిందీ, రెండూ చెప్పాను.

"కరెక్టే జెప్పింది గదా" అన్నాడు. "మన క్లాసోళ్లు కూడా అందరు పిల్ల సచ్చిన మూలనే తీస్తున్నరు. బతికిన గల్లీలు ఎవడూ తియ్యలే. నేను రాసిందంత గదే అన్నా. నువ్వు చదవనే చదవలే."

"రేపు తీద్దాం. తప్పు నాదే. నువ్వు ఎక్కడ చూపిస్తే అక్కడ తీస్తా."

ఆ పెద్దాయన ఇంటి ఫొటోలన్నీ అక్కడే కూర్చుని చెరిపేశాను. మా వాడు శనివారం డ్యూటీ ఇంకొకరికి అప్పగించాడు.

పొద్దున్నే సిటీ రైలెక్కాం. సన్నగా వాన. అతను ముందు నడుస్తూ చెబుతున్నాడు, నేను వెనక వింటున్నాను. ఆ వరసలో మేం నడవడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి సిటీ పక్కనే ఉన్న కార్ల్‌టన్‌లో అద్దె గదిలో ఉండేది. పొద్దున నడిచి పనికి వెళ్లేది. దారిలో మార్కెట్టులో ఆపిల్ కొనుక్కునేది. ఆదివారాలు చర్చిలో పాడేది. మిగిలిన గుడ్డముక్కలతో తనకోసం ఒక పచ్చటి టోపీ కుట్టుకుంది. ఒక చలికాలం ఉదయం టోపీల దుకాణం వెనక సందులో శవమై దొరికింది. ఎవరు చంపారో ఇప్పటికీ తెలియదు.

"ఇది ఏ మార్కెట్టో గుర్తుపట్టినవా?" అన్నాడు ఒక చోట ఆగి. పైన బోర్డు మీద మహారాణి పేరు ఇంత పెద్దక్షరాలతో ఉంది. ఎన్నోసార్లు వంకాయలు కొన్న చోటు. తల ఎత్తి చదివితే కదా.

"నవ్వుకో, నవ్వుకో."

"నేనేడ నవ్విన?" అంటూ గొడుగు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

పాత వీధిని తియ్యడం నేననుకున్నంత తేలిక కాదు. ఎక్కడ కెమెరా ఎత్తినా కార్లు, ట్రామ్ తీగలు, కాఫీ షాపుల బోర్డులు. మోకాళ్ల మీద కూర్చుని నేలకు దగ్గరగా పెట్టి చూస్తే అవన్నీ పక్కకు పోయాయి. వానకు మెరుస్తున్న నల్లరాతి పలకలు, ఇళ్ల ముందు ఇనుప అల్లికల వరండాలు మాత్రం మిగిలాయి. ఎన్ని పాదాలు ఎక్కి దిగాయో, మధ్యలో అరిగిపోయిన రాతి మెట్టు ఒకటి తీశాను. బూట్ల బురద గీక్కోవడానికి గుమ్మం పక్కన పాతిన ఇనుప కమ్మి తీశాను. చర్చి పక్క తలుపు పిడి తీశాను. ఒక చోట పిజ్జా బోర్డు ఎటు జరిగినా తప్పుకోలేదు. మా వాడు గోడ మీదికెక్కి గొడుగు తెరిచి దానికి అడ్డం పట్టుకున్నాడు.

"జల్ది తియ్ అన్నా, కాళ్లు జారుతున్నయ్!"

"కాస్త ఎడమకి!"

"ఎడమకి వోతే పిజ్జా మీద పడ్త!"

దారిన పోయేవాళ్లు ఆగి చప్పట్లు కొట్టారు. అన్ని పెళ్లిళ్లు తీసినా అంత సంతోషంగా ఎప్పుడూ కెమెరా పట్టుకోలేదు.

ఆఖరికి ఆ సందు దగ్గరకొచ్చాం. మా క్లాసువాళ్లు ఇద్దరు అక్కడే ఉన్నారు. శవం దొరికిన మూల మీద టార్చి వేసి ఫొటోలు తీస్తున్నారు. నా చెయ్యి కూడా అటే పోయింది. మూల, చీకటి, తడి గోడ. ఎవరైనా మెచ్చుకునే బొమ్మ. మా వాడు వద్దని అనలేదు, పక్కన నిలబడ్డాడంతే. నేను ఆ మూలకు వీపు పెట్టి వీధి వైపు తిరిగాను. అప్పుడే వాన వెలిసింది. సందు చివర, రెండు గోడల మధ్య, తెల్లటి వెలుగు నిలువుగా నిలబడింది. అదొక్కటే తీశాను.

సోమవారం వరసగా అందరూ ఆ మూలే చూపించారు. టార్చితో ఒకరు, నలుపు తెలుపులో ఒకరు, ఎర్రటి రంగు పూసి ఒకరు. మా వంతు వచ్చింది. నా ఇంగ్లీషు మెరుగని, మాట్లాడేది నేనేనని మొదట్నుంచీ అనుకున్నాం, అంటే నేను అనుకున్నాను. లేచాక కాగితాలు అతని చేతికిచ్చి, ఫొటోలు మార్చే పనికి వెళ్లి కూర్చున్నాను. మొదట కాగితం మీంచి తల ఎత్తలేదు. అరిగిన మెట్టు వచ్చేసరికి ఎత్తాడు. తన వరంగల్ యాసలోని ఇంగ్లీషుతోనే ఆ అమ్మాయిని గది నుంచి మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి దుకాణానికి నడిపించాడు. సందు చివర వెలుగు తెర మీదికొచ్చినప్పుడు చదవడం ఆపేశాడు.

"ఎన్నేళ్లుగానో ఈ హత్య గురించి చెబుతున్నాను" అంది మా టీచరు. "ఆ అమ్మాయి టోపీ ఏ రంగుదో ఇవాళే తెలిసింది." తరవాత నా వైపు చూసి, అందరూ తీసిన మూలను ఎందుకు వదిలేశారని అడిగింది.

తెలివైన జవాబు ఒకటి నోటిదాకా వచ్చింది. మింగేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. విక్టోరియన్ అంటే ఏమనుకున్నానో చెప్పగానే క్లాసు విరగబడి నవ్వింది. పక్కింటావిడ గురించి చెప్పేటప్పుడు ఎవరూ నవ్వలేదు.

మార్కులు వచ్చిన రోజు మా వాడు పెట్రోల్ బంక్ నుంచే ఫోన్ చేశాడు. "ఫస్ట్ మనమే అన్నా! క్లాసుల ఫస్ట్! అడిలైడ్‌కు టికెట్ చేస్తున్న!" వెనక ఎవరో పెట్రోల్ పోయించుకుని నిలబడి కేకేస్తున్నారు. వాళ్లక్కూడా తనకు ఫస్ట్ వచ్చిందని చెప్పాడు.

వెళ్లే ముందు ఇద్దరం యూనివర్సిటీకి వెళ్లాం. మా ఫొటోలు పెద్దవి చేయించి కారిడార్‌లో తగిలించారు, కింద అతని వాక్యాలు. పై తరగతి పిల్లలు నలుగురు ఆగి చూస్తుంటే మా వాడు ఆగలేకపోయాడు. వాళ్ల పక్కన నిలబడి మొదటి ఫొటో దగ్గర్నుంచీ చదివి వినిపించడం మొదలెట్టాడు, క్లాసులో చదివిన దానికంటే గట్టిగా. వాళ్లు గోడను వదిలేసి అతన్నే చూస్తూ వెంట నడిచారు. నేను వెనక నడిచాను. ఒక్క మాట కూడా అందివ్వలేదు.