బాబా తలుపు మీద కాగితం

మా బాబా పోయింది. ఫిబ్రవరిలో ఓ మంగళవారం పొద్దున, ఆఫీసు మీటింగ్‌లో నా వంతు వచ్చి నిన్నేం పని చేశానో గొప్పగా చెప్పుకోబోతుండగా వాళ్ళబ్బాయి సియాటిల్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది. ఇప్పుడే హాస్పిటల్ వాళ్ళు చెప్పారు. నేనింకా ఎయిర్‌పోర్ట్‌లోనే ఉన్నా" అన్నాడు. తర్వాత, "పైకెళ్ళి కిటికీలో మొక్కలకి కొంచెం నీళ్ళు పొయ్యవా" అన్నాడు. పోశాను. ముందురోజు కూడా పోసి ఉన్నాను కాబట్టి కుండీలు నిండి నీళ్ళు గట్టు మీదికి కారాయి. తుడిచాను. అంతకన్నా ఏం చెయ్యాలో తెలీలేదు.

బాబా అంటే గడ్డం పెంచిన స్వామి అనుకునేరు. బల్గేరియా భాషలో అమ్మమ్మని అలా పిలుస్తారు. వర్జీనియాలోని షాంటిలీలో మా ఇంటి ఓనరు ఆవిడ. పైన ఆవిడ, కింద బేస్‌మెంట్‌లో నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేటూ, ఐదేళ్ళుగా. "బాబా దగ్గర ఉంటున్నా" అని మొదట్లో ఫోన్లో చెబితే, అమెరికా వెళ్ళి మావాడు మంచి దారిలో పడ్డాడని మా అమ్మ పిన్నులందరికీ చెప్పుకుంది. ఆవిడ సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక అసలు సంగతి ఇంతవరకూ చెప్పలేదు.

నివాళులు రాసే అలవాటు నాకు లేదు. ఇంజనీరింగ్‌లో లీవ్ లెటర్ల కోసం మా తాతయ్యని మూడుసార్లు చంపాను. నా విషాద రచనలన్నీ కలిపి అవే. కాబట్టి ఇది చదువుతూ మీకు ఎక్కడైనా నవ్వొస్తే తప్పు నాది, పోయినావిడది కాదు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజున, "కుక్కర్ విజిల్ వేస్తుంది, ఫర్వాలేదా?" అని వినయంగా అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. సరే అని ఇద్దరం బ్యాగులు ఎత్తుకుని పార్కింగ్ దాకా వెళ్ళిపోయాం. వెనకాలే చెప్పుల్లేకుండా వచ్చింది.

"ఎక్కడికి? అవునన్నానుగా."

వాళ్ళ దేశంలో తల అడ్డంగా ఊపితే అవును, పైకీ కిందికీ ఊపితే కాదు. మనం తలాడించే తీరు చూసి ఊరంతా తికమకపడుతుంటే, మమ్మల్ని అనువాదం లేకుండా అర్థం చేసుకున్న మనిషి ఆవిడొక్కతే. "మామా, ఈమె మన సైడే" అని రూమ్మేటు అప్పుడే తేల్చేశాడు.

వంటగదిలో గోడంతా ఆక్రమించిన వాళ్ళ దేశం గుడ్డ మ్యాపు ఒకటుండేది. బల్గేరియాలో ఆవిడ భూగోళం టీచరు. దేశం వదిలేటప్పుడు పెట్టెలో బట్టలు తగ్గించి దాన్ని మడిచి తెచ్చుకుందట. ఆదివారం పెరుగు తోడు కోసం పైకెళ్ళామా, పాఠం తప్పేది కాదు. పెరుగు మాదంటే మాదని రెండు దేశాల మధ్యా చాలాకాలం వాదన నడిచింది. గిన్నెకి దుప్పటి చుట్టి పడుకోబెట్టడం ఇద్దరిళ్ళల్లోనూ ఉందని తేలాక రాజీకొచ్చాం.

చెంచాతో చూపించేది. పైన డాన్యూబ్ నది. దేశానికి నడికట్టులా అడ్డంగా బాల్కన్ కొండలు. వాటికి దక్షిణాన గులాబీల లోయ. ఎండెక్కితే పూలల్లో నూనె ఆవిరైపోతుందని మే నెలలో తెల్లవారకముందే కోస్తారట. తూర్పున నల్లసముద్రం. దాదాపు ఐదొందల ఏళ్ళు తుర్కుల ఏలుబడిలో ఉన్నప్పుడు కొండల్లో మఠాలు తమ అక్షరాలని కాపాడుకొచ్చాయని చెప్పేటప్పుడు చెంచా కాసేపు కొండల మీదే ఆగేది. ఏటా అక్షరాలకి పండగ చేస్తారు వాళ్ళు. ఆ పండగ పేరు చెప్పి మా ఇద్దరికీ ముప్పై అక్షరాలూ దిద్దించడం మొదలుపెట్టింది. "మాకు యాభై ఆరున్నయి, మీ ముప్పై ఎంత" అని బీరాలు పలికిన రూమ్మేటు రెండో వారానికే పారిపోయాడు. నేను మిగిలాను. అర్థం తెలీదు గానీ, రాసింది రాసినట్టు పైకి చదవడం వచ్చింది.

ఆవిడ ఊరు డాన్యూబ్ ఒడ్డునే. కమ్యూనిస్టుల రోజుల్లో పగలంతా అమెజాన్, సహారా అని పాఠాలు చెప్పి, సాయంత్రం ఒడ్డున కూచుని వియన్నా వైపు పోయే పడవల్ని చూసేదట. వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. ఇంటికెళితే వీసా స్టాంపింగ్ కాక అక్కడే ఇరుక్కుపోతానేమోనని నేను నాలుగేళ్ళుగా కదల్లేదని చెబితే, "మ్యాప్ చూడ్డానికి వీసా అక్కర్లేదు" అని చెంచా నా చేతికిచ్చింది. మా గోదావరి మ్యాపు దాటి, గోడ దాటి, ఎక్కడో ఫ్రిజ్ వెనకాల పడింది. "ఫ్రిజ్ జరిపితే గానీ కనబడదన్నమాట" అంది.

ముందు తలుపుకి లోపలివైపు వాళ్ళాయన ఫోటోతో ఒక కాగితం ఉండేది. వాళ్ళ దేశంలో మనిషి పోతే ఫోటో వేసి, నాలుగు మాటలు అచ్చేసి, ఇంటి తలుపు మీదా, వీధిలో చెట్లకీ, బస్టాపులోనూ అంటిస్తారు. నలభయ్యో రోజున మళ్ళీ. ఆర్నెల్లకి మళ్ళీ. తర్వాత ఏటేటా. దారినపోయేవాళ్ళు ఆగి చదువుతారు. ఇక్కడ ఆవిడ బయటివైపు అంటిస్తే, తలుపుల మీద అలంకారానికి పూలదండ తప్ప ఏదీ ఉండకూడదని కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. దాంతో లోపలికి మార్చింది.

"లోపలుంటే ఎవరు చదువుతారు బాబా?"

"నువ్వు. చదివి బయటికెళ్ళు."

మా దగ్గరా ఇలాంటివి ఉన్నాయని చూపించడానికి ఆవిడ పుట్టినరోజుకి ఫ్లెక్సీ వేయించాను. మధ్యలో ఆవిడ, నాలుగు మూలలా చెవి దగ్గర ఫోన్లు పెట్టుకుని మేం. మనుషులం ఇద్దరమే కాబట్టి ఒక్కొక్కళ్ళం రెండేసిసార్లు.

"ఇందులో నాకన్నా మీరు పెద్దగా ఉన్నారేం?"

"అది మా సంప్రదాయం బాబా."

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "మీరు బతికుండగానే పెట్టేస్తారా? తెలివైనవాళ్ళు."

పోయిన శరత్కాలంలో అంటించిన ఓ కవరు నా చేతికిచ్చింది. తన కాగితం తనే తయారుచేసుకుంది. "తారీఖు మాత్రం మీరు రాయాలి. తలుపు మీద, బయటివైపు అంటించు" అంది.

"అసోసియేషన్ వాళ్ళు ఉత్తరం రాస్తారు బాబా."

"రాయనీ. చదవడానికి నేనుండనుగా."

"తారీఖు ఖాళీగానే బాగుంది, అలాగే ఉంచుదాం" అన్నాను. ఆవిడ తల పైకీ కిందికీ ఊపింది. తర్వాత అంది: "తలుపు మీద కాగితం లేకపోతే మనిషి పోయినట్టు కాదు. చెప్పకుండా వెళ్ళిపోయినట్టు."

మాటిచ్చాను. ఆవిడ పోయాక కవరు తీసుకుని వాళ్ళబ్బాయి దగ్గరికెళ్ళాను. "ప్లీజ్, ఇప్పుడు కాదు. ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టాం, చాలు" అన్నాడు. కొడుకాయన. నేను అద్దెకుండేవాణ్ణి. నోరు మూసుకుని కిందికొచ్చేశాను. "ఏంది మామా, పొద్దంత అంత ఒర్లుతవు, అక్కడ నోరు రాలేదా?" అన్నాడు రూమ్మేటు. ఆవిడ తలుపు ఖాళీగా ఉంది. చెప్పకుండా వెళ్ళిపోయినట్టే ఉంది.

నలభయ్యో రోజు శనివారం పడింది. ఆ రోజే ఇల్లు కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చే ఓపెన్ హౌస్. ఇల్లు అమ్మిపెట్టే రియల్టరు వంటగది ఖాళీ చేయించి, మ్యాపు చుట్టేసి గరాజ్‌లో పెట్టించింది. పొద్దున్నే కవరు పట్టుకుని వెళ్ళాను. వాళ్ళబ్బాయి ముందు మెట్ల మీద కూచుని కాఫీ తాగుతున్నాడు.

"ఇవాళ నలభయ్యో రోజు."

"తెలుసు."

"కాగితం అంటిస్తానని మాటిచ్చాను."

"తలుపు మీద చావు కబురు చూసి ఇల్లెవరు కొంటారు చెప్పు?"

అదీ నిజమే. వచ్చేవాళ్ళలో సగం మనవాళ్ళే. ఫోన్లో దిక్సూచి పెట్టుకుని ఈశాన్యం వెతికేవాళ్ళు. అయినా ఈసారి కదల్లేదు. "ఇందులో ఏం రాసిందో తెలుసుకోవాలని లేదా?" అన్నాను.

ఆయన కాఫీ కప్పులోకి చూస్తూ, "నాకు చదవడం రాదు" అన్నాడు. బడిలో వేయకముందే అమెరికా వచ్చాడట. వింటే తెలుస్తుంది, చదవలేడు. నేను చదవగలను, అర్థం తెలీదు. పక్కన కూచుని కవరు చించాను.

ఫోటోలో ఆవిడ నవ్వడం లేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. "అంత సాగదీయకు" అని ఒకసారి సరిదిద్దాడు. తర్వాత సరిదిద్దడం మానేశాడు.

"ఏం రాసింది?" అని అడిగాను.

"టీచర్నని రాసుకుంది. ఊరి పేరు. తనకోసం దుఃఖించేవాళ్ళు... కొడుకు, కింద గదిలో అబ్బాయిలిద్దరూ అని."

అచ్చు అక్షరాల కింద పెన్నుతో రాసిన ఒక వాక్యముంది. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. అర్థం తనే చెప్పాడు.

"'మా అబ్బాయికి ఇది చదవడం రాదు. ఆగి చదివినవాళ్ళెవరైనా వాడికి వినిపించండి.'"

జేబులోంచి పెన్ను తీసి తారీఖు ఆయనే వేశాడు. అంటించిందీ ఆయనే, బయటివైపు. రియల్టరు వచ్చి తలుపు చూసి ఏదో అనబోయింది. ఆయన మొహం చూసి, చెప్పుల మీద తొడుక్కునే కవర్ల బుట్ట సర్దుకుంటూ లోపలికెళ్ళింది.

మొదట వచ్చింది మన జంటే. భర్త ఫోన్లో దిక్కులు చూసుకుంటూ మెట్లెక్కాడు. భార్య కాగితం ముందు ఆగిపోయి, "ఎవరీవిడ?" అని నన్నడిగింది, తెలుగులో. ఏమడిగిందో భాష రాకపోయినా బాబా కొడుక్కి తెలిసిపోయింది. "మై మదర్" అన్నాడు. "జాగ్రఫీ టీచర్."

ఆ భర్త ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళ వెనక ఇంకో కుటుంబం వచ్చి ఆగింది, వాళ్ళ వెనక ఇంకొకరు. ఒక్కళ్ళకీ ఒక్క అక్షరం రాదు. అందరూ కింది దాకా చూశారు. గాలికి కాగితం కింది మూల లేస్తోంది. బాబా కొడుకు టేపు కోసం లోపలికెళ్ళలేదు. తలుపు పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళు చూస్తున్నంతసేపూ ఆ మూలని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.