రోజలిన్ బల్ల మీది ప్రింటరు

అనకాపల్లిలో ఒక బెల్లం వర్తకుల సంఘానికి లూర్దు మేరీ చాలా ఏళ్లు టైపిస్టుగా పనిచేసింది. సైక్లోస్టైలు కాపీల కోసం ఆమె టైపు మిషను మీద స్టెన్సిలు కోస్తే తప్పు దొరికేది కాదు. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ ఉద్యోగం మీదే చదివించింది.

రెండు వేల మూడులో సంఘం కంప్యూటరు కొంది. మేరీ బెదరలేదు. సాయంత్రాలు ఇనిస్టిట్యూటుకు వెళ్లి నేర్చుకుంది. ప్రింటరు ఆమె బల్ల మీదే పెట్టారు. ఏ కాగితం కావాలన్నా ఆఫీసులో అందరూ ఆమె దగ్గరకే రావాలి. అది తనకెంత ఇష్టమో మరుసటి ఏడు రోజలిన్ వచ్చాక గాని మేరీకి తెలియలేదు.

రోజలిన్ విశాఖపట్నంలో కోర్సు చేసి వచ్చిన పిల్ల. రెండో కంప్యూటరు ఆమెకిచ్చారు. తన గదికి దగ్గరగా ఉంటుందని సెక్రటరీ త్రినాధరావు ప్రింటరును కూడా ఆమె బల్ల మీదికి మార్పించాడు. ఇక మేరీ ఏది పంపినా అది రోజలిన్ కంప్యూటరు మీదుగానే ప్రింటరుకు చేరాలి. కాగితం తెచ్చుకోవడానికి మేరీ లేచి ఆ బల్ల దగ్గరకు వెళ్లాలి.

ఇద్దరూ వెళ్లేది ఒకే చర్చికి. ఒక ఆదివారం పూజలో బైబిలు మొదటి పఠనం చదవమని ఫాదరుగారు రోజలిన్‌ను పిలిచారు. అంతకుముందు అది మేరీ చదివేది. ఆ పిల్ల గొంతు బాగుందని పక్కావిడ అంటే, మేరీ వినపడనట్టు కూర్చుంది.

మరోసారి రోజలిన్ ఒక ఉత్తరం చుట్టూ పూల అంచు వేసి ఇచ్చింది. త్రినాధరావు దాన్ని నలుగురికీ చూపించాడు. మేరీ ఊరుకోలేకపోయింది. చెరకు గడలు, బెల్లం దిమ్మ ఉన్న రంగుల ఫొటో ఒకటి సంపాదించి, స్టూడియోలో స్కాన్ చేయించి, సంఘం నోటీసుల నెత్తిన పెట్టింది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

అప్పటినుంచే ఆమె కాగితాలు ఆలస్యంగా రావడం మొదలైంది. రోజలిన్ మీట నొక్కితే ప్రింటరు వెంటనే కాగితం లాక్కునేది. మేరీ నొక్కితే దీపం మిణుకుమిణుకుమంటూ ఉండిపోయేది. ఎంతకో ఒక కాగితం వచ్చేది. ఈ పిల్లే ఏదో చేస్తోందని మేరీ మనసులో ముద్ర పడిపోయింది. రోజలిన్ మౌసు కదిపినప్పుడల్లా తన కాగితాలనే ఆపుతోందనిపించేది. రాత్రి అన్నం దగ్గర కూతుళ్లకు అదే చెప్పేది.

వార్షిక సమావేశం దగ్గరపడింది. మాడుగుల, రోలుగుంట వైపు సభ్యుల నోటీసులు మధ్యాహ్నం బస్సుకు పంపాలి. మేరీ పొద్దుటే టైపు చేసి పంపింది. భోజనాల వేళకు సగం కూడా రాలేదు. త్రినాధరావు గుమ్మంలోకి వచ్చాడు.

"ఇంకా అవ్వలేదేటండీ మేరీగారూ? బస్సు టైమైపోతంది. రోజలిన్‌కిచ్చీండి, గబగబా తీసేత్తాది."

ఆ మాట మేరీకి గుండెలో గుచ్చుకుంది. రోజలిన్ క్యారియరు పట్టుకుని వెనక వరండాలోకి వెళ్లగానే, మేరీ వైర్లు పీకి, ప్రింటరును రెండు చేతులా ఎత్తి తన బల్ల మీదికి తెచ్చుకుంది. పాత చోటే కాబట్టి తగిలించడం ఆమెకు తెలుసు. నోటీసు తెరిచి మీట నొక్కింది. దీపం మిణుకుమంది. మళ్లీ మిణుకుమంది. కాగితం రాలేదు.

ఇప్పుడు మధ్యలో రోజలిన్ లేదు, ఆమె కంప్యూటరూ లేదు.

చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన రోజలిన్ ఖాళీ బల్లను చూసింది, మేరీని చూసింది. పక్కన నిలబడి తెర వైపు వంగింది.

"ఆంటీ, ఆ బొమ్మ తీసీసి ఒకటి కొట్టి చూద్దామా?"

తీసి కొట్టారు. కాగితం చప్పున వచ్చింది. ఫొటో మరీ పెద్దదిగా స్కాన్ చేశారని, ప్రతి నోటీసుతోనూ దాన్నంతా ప్రింటరు మింగలేకపోతోందని రోజలిన్ చెప్పింది. బొమ్మను తీసి పారెయ్యలేదు. సైజు తగ్గించి తేలిక చేసి, మళ్లీ అదే చోట పెట్టింది. నోటీసులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

ఇంతలో త్రినాధరావు వచ్చి, ప్రింటరును ఇక్కడికెవరు తెచ్చారని అడిగాడు. తనే మార్చానని, ఏమైందో చూద్దామని తెచ్చానని రోజలిన్ అంది.

మేరీకి ఆ పిల్ల మీద అంతకుముందెప్పుడూ లేనంత అసూయ కలిగింది. చివరికి మంచితనం కూడా ఆమెదే అయిపోయింది.

"కాదండి," అంది మేరీ. "నేనే పట్టుకొచ్చేను. ఈ పిల్లే కావాలని నా కాయితాలు ఆపేత్తందనుకున్నాను."

త్రినాధరావు గోడ గడియారం వైపు చూశాడు. ముందు నోటీసులు బస్సుకు పంపమని వెళ్లిపోయాడు. రోజలిన్ ముఖం చిన్నబోయింది. కాగితాలు మడతపెడుతున్నంతసేపూ ఆమె తలెత్తలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇద్దరి మధ్యా పని మాటలే నడిచాయి. ప్రింటరు తిరిగి రోజలిన్ బల్ల మీదికే వెళ్లింది. ఒక మధ్యాహ్నం మేరీయే లేచి వెళ్లి, బొమ్మను తేలిక చేయడం తనకూ నేర్పమని అడిగింది. రోజలిన్ పక్క కుర్చీ దగ్గరకు లాగింది. మేరీ కూర్చుని నేర్చుకుంది. కానీ త్రినాధరావు గదిలోంచి రోజలిన్ పేరు వినపడ్డప్పుడల్లా, మేరీ వేళ్లు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగుతూనే ఉండేవి.