వాకిలికి వీపు

పెద్దముడియంలో మా హెడ్మాస్టరు గారు పోయారని మొన్న పొద్దున ఏదో కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. గొంతు ఆనవాలు పట్టేలోపే పెట్టేశారు. చావు కబురునైనా నేను ఊరికే నమ్మను. ఫ్యాక్షన్ రోజుల్లో మా వైపు ఇలాంటి దొంగ కబురు చెప్పే మనిషిని ఊరు దాటించి, దారి కాసి చంపేవాళ్లు. మాతో పనిచేసిన ఇద్దరిని అడిగి, నిజమేనని తేలాకే ప్రొద్దుటూరు బస్టాండుకు పోయాను. నా అనుమానాలు చూసి నవ్వే మనిషి ఇక లేరు గదా అని బస్సెక్కాక ఏడుపొచ్చింది.

ఆయన పులివెందుల నుంచి బదిలీ మీద జమ్మలమడుగు దగ్గర మా స్కూలుకొచ్చేసరికి స్టాఫ్ రూము రెండు ముక్కలు. నడుమ బీరువాలు అడ్డం. అటు ఒక పార్టీ ఊళ్ల అయ్యవార్లు, ఇటు మేము. అందరి కుర్చీలూ గోడకానుకుని వాకిలినే చూస్తుండేవి. ఆ రోజుల్లో వాకిలికి వీపు పెట్టి ఎవరూ కూర్చునేవాళ్లు కాదు.

ఆయన బీరువాలు తీయించి ఒకటే పొడుగాటి బల్ల వేయించారు. అందరికీ కలిపి ఒక టీ కెటిలు, ఒక ఎర్రసిరా బుడ్డి. పేపర్లు దిద్దాలంటే ఎదుటివాణ్ణి సిరా అడగక తప్పదు. ఇదంతా తమ మాటలు వినడానికేనని అటువాళ్లూ అనుకున్నారు, మేమూ అనుకున్నాం. ఆయన ముందు తాగితేగాని టీ ఎవరూ ముట్టలేదు. అది కనిపెట్టి, రోజూ మొదటి గ్లాసు తానే తాగేవారు.

బల్లకు ఒక పక్క కూర్చుంటే వీపు వాకిలికే. అటుపక్క తానే ముందు కూర్చుని, పక్క కుర్చీ నాకు చూపించారు. ఎదురుగా సోషల్ సారు. మా పార్టీని నడిపే మా మామను చంపాలని కత్తులు పట్టుకుని తిరిగేవాళ్లకు దగ్గరి చుట్టం. నా వెనక ఎవరు చూసుకుంటారు సార్ అని అడిగాను.

"నీ ఎనకాల ఏముండాదో ఎదురుగా కూచున్నోనికే గదప్పా కనపడేది," అన్నారు.

ఈ మాట విని మా అమ్మ ఉద్యోగమే మానుకోమంది.

ఎలక్షన్లప్పుడు మా మామ మీద బాంబులేశారు. మరుసటి రోజు స్కూలు ముందు జీపు ఆగింది. నాకు చప్పుడు మాత్రమే తెలిసింది. సోషల్ సారు నా భుజం మీదుగా చూసి, సిరాబుడ్డికి మూత పెట్టి లేచాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఈడుండేది మా మేస్టర్లు. పోండ్రా," అన్నాడు. వచ్చింది సోషల్ సారు చుట్టాలే. గొణుక్కుంటూ పోయారు.

అసలు ఆ జీపును రప్పించింది కూడా సోషల్ సారేనేమోనని సాయంత్రం హెడ్మాస్టరు గారి చెవిన వేశాను. ఆయన నవ్వారు.

"అనుమానపడితే పడప్పా. కుర్చీ మాత్రం జరపాకు."

అనుమానం పోలేదు గాని, రిటైరయ్యేదాకా నేను కుర్చీ జరపలేదు. ఈ రోజు బతికి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన పుణ్యమే.

మొన్న చర్చి పక్కన షామియానా కింద, దుఃఖంలో చూసుకోకుండా, రోడ్డుకు వీపు పెట్టి కూలబడ్డాను. తల నెరిసిన సోషల్ సారు కుర్చీ తెచ్చి నాకెదురుగా వేసుకున్నాడు. ఫోన్ చేసింది తానేనన్నాడు. "నువ్వు నమ్మవని తెలిసే, ఆ ఇద్దరికీ ముందే చెప్పింటి," అన్నాడు.

పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. నా వెనక రోడ్డు మీద ఏదో బండి కీచుమని ఆగింది. మెడ తిరగబోయింది. సోషల్ సారు నా భుజం మీదుగా చూశాడు.

"బస్సులేప్పా," అన్నాడు మెల్లగా.

నేను తిరిగి చూడలేదు.