నా ఫొటో కింద ఆమె గారెలు

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు సులువు. ఆమె మా మరిది భార్య, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. ఇద్దరం మలేషియాలోని క్లాంగ్‌లో ఆదివారం పొద్దుటి సంతలో గారెలు వేసి అమ్ముతాం. ఇద్దరికీ నేర్పింది మా అత్తే. అదే పప్పు, అదే ఉప్పు, ఉల్లిపాయలు కూడా ఒకే కొట్టులో కొంటాం.

మూడేళ్ళ కిందట మునిసిపాలిటీ వాళ్ళు సంతను కొత్త స్థలానికి మార్చారు. నేల మీద పసుపు గీతలు గీసి, నంబర్లు వేసి, ఎవరికి ఏ చోటో తేల్చడానికి చీటీలు తీయించారు. అంతకు ముందు లైసెన్సుకు కావలసినవన్నీ ఇద్దరం కలిసే పూర్తి చేశాం. టైఫాయిడ్ సూది వేయించుకున్నాం, తిండి అమ్మేవాళ్ళకు పెట్టే ఒకరోజు క్లాసులో కూర్చున్నాం, ఫొటోలు దిగాం. సూది వేసేటప్పుడు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. చీటీల రోజున నాకు మూల చోటు వచ్చింది. సంతలో అడుగుపెట్టగానే మొదటిది, రెండు పక్కలా తెరిచి ఉంటుంది. ఆమెకు బాగా లోపల, చేపల బల్లల పక్కన వచ్చింది. నా జన్మలో చీటీ కలిసొచ్చింది ఆ ఒక్కసారే.

ఇంటికొచ్చి చెబితే మా అత్త సంతోషించలేదు.

"ఏ ఏపు మొకం?" అంది.

రోడ్డు దక్షిణాన ఉందన్నాను.

"దచ్చినం ఏపు మొకం పెట్టి పొయ్యి ఎలిగించకూడదమ్మా. తోటలో కూలికున్నప్పుడు మాకిచ్చిన లయను ఇంట్లో పొయ్యి అలాగే ఉంటే, పగలగొట్టి తిప్పి కట్టినాను నాను."

నాకు మనసులో ముల్లు గుచ్చుకుంది. మొగుడు లారీ నడుపుతాడు, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. పక్కనే కూర్చున్న మా తోడికోడలు సగం తమిళం, సగం తెలుగు ఇంటి పిల్ల, ఇక్కడి వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది. దిక్కుల పట్టింపు లేదు.

"నాకు ఏ పక్కైనా పరవాలేదక్కా. నువ్వు నాది తీసుకో లా. అది తూర్పే కదా," అంది.

అలా మార్చుకున్నాం. మారింది మేమే, కాగితాలు కాదు. ఫొటో, చోటు నంబరు ఉన్న లైసెన్సు కార్డు ఎవరి చోటులో వాళ్ళది వేలాడాలి కాబట్టి, నా కార్డు మూల చోటులో ఆమె తల మీద వేలాడింది.

మొదటి ఆదివారం నూనె డబ్బా అరువడగడానికి వెళ్ళి, మొదట చూసింది పొయ్యినే. బల్ల రోడ్డుకే పెట్టింది. పొయ్యి మాత్రం పక్కకు తిప్పి, తెరిచి ఉన్న రెండో వైపు నిలబడి, చక్కగా తూర్పు ముఖంగా గారెలు వేస్తోంది. మా అత్త మాటను నేను విని చోటు వదులుకున్నాను, ఆమె విని పొయ్యి తిప్పింది. పొయ్యి తిప్పి కట్టానని అత్త నాతోనే కదా చెప్పింది! ఆ రోజు నుంచి నా కడుపు మంట ఆరలేదు.

మూడేళ్ళు నేను చేపల నీళ్ళలో రబ్బరు బూట్లేసుకుని నిలబడ్డాను. మూల చోటు దగ్గర జనం వంకర తిరిగి వరసలో నిలబడేవాళ్ళు. ఆమె ఎవరి పిల్ల ఏ క్లాసో అడిగేది, ముసలివాళ్ళకు మెత్తటి గారె ఏరి ఇచ్చేది. అదంతా నటన అని నేను ఇంట్లో అనేదాన్ని. పైన ఫొటోలో నేను మూతి బిగించి ఆమెనే చూస్తూ ఉండేదాన్ని. చోటు తిరిగి ఇమ్మని అడగడానికి నా నోరు రాలేదు. అడిగితే ఇచ్చేస్తుందని తెలుసు. అప్పుడు ఆమె ముందు నేనే చిన్నదాన్నవుతాను.

అందుకని ఒక మధ్యాహ్నం, సంత సర్దుకుని ఇంటికొచ్చాక, ఫోన్‌లో మునిసిపాలిటీకి ఫిర్యాదు పెట్టాను. పేరు రాయలేదు. మూల చోటు లైసెన్సు ఒకరిది, నడిపేది ఇంకొకరు అని రాశాను. ఎవరి చోటుకు వాళ్ళను పంపేస్తారని నా లెక్క. పంపాక గానీ క్లాసులో చెప్పిన మాట గుర్తుకు రాలేదు. చోటు ఇంకొకరికి అప్పగించినవాళ్ళ లైసెన్సు కూడా రద్దవుతుంది. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

తరవాతి ఆదివారమే ఆఫీసరు వచ్చాడు. నేను చేపల దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. అతను కార్డు చూశాడు, ఆమె ముఖం చూశాడు, ఏదో అడిగాడు. ఆమె నా వైపు తిరిగి చెయ్యూపింది.

నేను వెళ్ళేసరికి మలాయ్‌లో చెబుతోంది, తను సహాయానికి ఉన్న మనిషినని, ఇదుగో తన సూది కార్డు అని, ఓనరు అక్క లోపలికి వెళ్ళి వచ్చిందని. ఒక్క మాట తడబడలేదు. తన ఏప్రన్ విప్పి నా మెడలో వేసి, గరిటె నా చేతికిచ్చి, తను ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. ఆఫీసరు ఫొటోతో నా ముఖం పోల్చి, ఇకమీదట ఓనరే చోటులో కనబడాలని చెప్పి వెళ్ళిపోయాడు.

"ఎవురో కంప్లైంట్ పెట్టినారంటక్కా. మన మీద ఏటి ఏడుపో లా వాళ్ళకి," అంది ఆమె.

మన మీద అంది. నేను నూనెలోకే చూస్తూ, "ఏటో మరి," అన్నాను.

అలా మూల చోటు నాకొచ్చింది. ఆమె నవ్వుతూ తన సామాను చేపల పక్కకు మోసుకుపోయింది, బూట్లు కూడా నావే ఇమ్మంది. నేను పొయ్యి తూర్పుకు తిప్పుకున్నాను. జనం వచ్చి, నన్ను చూసి, ఇక్కడుండే అక్క ఏదని అడిగేవారు. మొదటి వారం తెలియదన్నాను. రెండో వారానికి వాళ్ళే వెతుక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

పోయిన ఆదివారం ఒక ముసలాయన లోపలి నుంచి వెనక్కి వచ్చాడు. పిండి అయిపోవచ్చిందని, మా అక్క దగ్గర తీసుకోండని ఆమే పంపిందట. మెత్తటివి ఏరి ఇచ్చాను. అక్కడే నిలబడి ఒకటి కొరికి, "రుచి అదేనమ్మా, ఏం తేడా లేదు," అన్నాడు.

నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. చోటు నాదైంది, పొయ్యి తిరిగింది, గారె ఒకటే. ఇంకా ఆమె దగ్గర ఉన్నది ఏ దరఖాస్తు పెట్టి తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. మరో వాయి వేసి, ఆమె వరసలో ఎంతమంది మిగిలారో మెడ సాచి చూశాను.