రజియా అక్క బ్యాకప్ బిల్లు

మొన్న కేసముద్రం మార్కెట్ యార్డు దగ్గర ఆగినప్పుడు, కాంటా గదిలోంచి పాత ప్రింటరు కర్రుకర్రుమంటూ తూకం చిట్టీ కొట్టిన చప్పుడు వినిపించింది. మిర్చి ఘాటుకు తుమ్ముతూనే అక్కడ నిలబడిపోయాను. రజియా అక్క గుర్తొచ్చింది. ఆమె ఇప్పుడు లేదు. ఆమెను చూడనివాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆమె ఎవరినీ నమ్మేది కాదు. టీ కొట్టువాడు పాలలో నీళ్లు కలిపాడని, ఆటోవాడు కావాలని చుట్టూ తిప్పుతున్నాడని, కరెంటోళ్లు తన మీద పగబట్టే కరెంటు తీస్తున్నారని ఆమె అనుమానం. అలాంటి మనిషి నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది.

మహబూబాబాద్‌లో ఓ మేడ మీద ఇరుకు గదుల్లో మా ఆఫీసు ఉండేది. యార్డు వ్యాపారుల కాంటాలకు ప్రోగ్రాం రాసి ఇచ్చేవాళ్లం. బండి తూకం కాగానే చిట్టీ వివరాలు మా డేటాబేస్‌లోకి చేరేవి. ఆ డేటాబేస్ క్లౌడ్‌లో, అంటే ఎక్కడో ఉన్న ఓ కంపెనీ కంప్యూటర్లలో అద్దెకుండేది. డేటా పాడైతే పనికొస్తాయని నకళ్లు, అంటే బ్యాకప్‌లు కూడా అక్కడే దాచేవాళ్లం, ఎంత దాస్తే అంత బిల్లు. ఆ క్లౌడ్ పాస్‌వర్డ్ అక్క దగ్గరా, నా దగ్గరా మాత్రమే ఉండేది. నర్సింహులపేట దగ్గరి తండా నుంచి వచ్చిన నాలాంటి పిల్లకు అంత పని అప్పజెప్పడం అక్క వ్యాపార భాగస్వామి మోహన్ సార్‌కు మొదటి నుంచీ మింగుడుపడలేదు.

పత్తి సీజన్ మధ్యలో బ్యాకప్ బిల్లు పెరగడం మొదలైంది. డేటాబేస్ చూస్తే దాదాపు అంతే ఉంది. బ్యాకప్ మాత్రం దానికి ఎన్నో రెట్లు. మోహన్ సార్ నా ముందే అన్నాడు.

"ఇంకేంది రజియా, ఈ పిల్ల సినిమాలనో, బయటోళ్ల పనినో తెచ్చి అండ్ల దాస్తున్నది. తండోళ్ల చేతిల తాళం పెడితే గిట్లనే ఐతది."

నాకు ఒళ్లు మండింది. అక్క ఆయన్ను కడిగేస్తుందనుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"సరోజా, నాకు నీ మీద గూడ అనుమానమే. నీ ఎనక అనకుంట మొఖం మీదనే అంటున్న. అంత సూసినంక మాట్లాడుత."

అప్పటికప్పుడే పాస్‌వర్డ్ మార్చేసింది. ఇంటికెళ్లి ఏడ్చాను. ఉద్యోగం పోతే పోయింది, దొంగ అన్న పేరు మోసుకుని తండాలో తలెత్తుకు తిరగడమెలా?

మరుసటి రోజు నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని నా పనంతా వెతికింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఆమెకు అనుమానం ఇంకా పెరిగింది. "ఎంత పెద్దగున్నదో కాదు, ఏది మారుతున్నదో సూడాలె" అని గొణుక్కుని, నన్ను స్కూటీ ఎక్కించుకుని కేసముద్రం బయల్దేరింది. ఈసారి అనుమానం యార్డు గుమస్తాల మీద.

కాంటా గదిలో ఓ మూల నిలబడ్డాం. పత్తి ట్రాక్టరు తూకమైంది. గుమస్తా యాదగిరి చిట్టీ కొట్టి, వెంటనే 'అన్నీ సేవ్' నొక్కాడు. తర్వాత లారీ వచ్చింది, మళ్లీ అదే. అది నొక్కితే ఆ ఒక్క చిట్టీయే కాదు, సీజన్ మొదటి నుంచి ఉన్నవన్నీ మళ్లీ కొత్తగా రాసుకుంటాయి. ఒక్క అంకె మారకపోయినా బ్యాకప్‌కు అవన్నీ మారినట్టే, అన్నిటినీ మళ్లీ దాస్తుంది. అలా దాచిన పాతవి ఒక్కటీ తీసేయొద్దని అక్క ఆజ్ఞ. డేటా పెరగకుండానే బిల్లు ఎందుకు పెరిగిందో నాకు అక్కడే అర్థమైంది.

"ఏందన్నా, ఒక్క బండికి అన్నెందుకు నొక్కుతున్నవ్?" అడిగింది అక్క.

యాదగిరి బిత్తరపోయాడు. "నువ్వే జెప్పితివి గదక్కా! కరెంటును నమ్మొద్దు, బండి బండికి అన్నీ సేవ్ జెయ్యుమంటివి."

అక్క ముఖం చిన్నబోయింది. ఆఫీసుకు రాగానే మోహన్ సార్‌ను కూర్చోబెట్టింది.

"దొంగ దొరికింది. నేనే. ఇన్ని దినాలు నా అనుమానానికి కిరాయి కట్టినం. ఈ పిల్లను నేనన్నది తప్పు. మోహనన్నా, నువ్వన్నది ఇంకా పెద్ద తప్పు. ముందుగాల మాఫీ అడుగు."

ఆయన గోడకేసి చూస్తూ ఏదో గొణిగాడు. అక్క కొత్త పాస్‌వర్డ్ నాకు చెప్పి, "అక్కెర లేని పాతయి నువ్వే తీసెయ్. నేను సూడ" అని లేచి బయటకు వెళ్లిపోయింది. చిరిగిన సంచీ కూడా పారేయని మనిషికి అదెంత కష్టమో నాకు తెలుసు.

మారిన చిట్టీని మాత్రమే రాసేలా ప్రోగ్రాం సరిచేశాను. బిల్లు దిగింది. నా కోపం అంత తొందరగా దిగలేదు. సార్ నోట తండా మాట రాకపోయి ఉంటే అక్క పాస్‌వర్డ్ మార్చేదా? ఆమె ఉన్నప్పుడు అడగలేకపోయాను. ఆమె నేర్పిన అనుమానం చివరికి ఆమె మీదే మిగిలిపోయింది. అయినా తన తప్పును అంత గట్టిగా, మా ముందే చెప్పిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆమె మీద నాకున్నది ప్రేమే.

ఇప్పుడు జనగామలో నాకూ ఓ చిన్న ఆఫీసు ఉంది. ఈమధ్య మా బ్యాకప్ బిల్లు ఉన్నట్టుండి ఎగబాకింది. అందరి చూపులూ కొత్తగా చేరిన రేష్మా వైపు తిరిగాయి. ఆ పిల్ల తల దించుకుంది. నేను నా లాప్‌టాప్ తెరిచి ఆమె ముందుకు తోశాను.

"ముందుగాల నా పని ఎతుకు, బిడ్డా" అన్నాను.