గాజులామె ఎక్కించిన రింగులు

ఆ రోజుల్లో చేతకాని పనిని చేతనవునని చెప్పడానికి నాకు క్షణం పట్టేది కాదు. ఇప్పుడు బాగా తెలిసిన పని అడిగినా నాలుగుసార్లు ఆలోచిస్తాను. ఇరవై రెండేళ్ల వయసులో, పట్నంలోని ఒక కార్ఖానాలో రెండేళ్లు ఆవిరి పంపులు విప్పి బిగించిన అనుభవంతో, సిద్దిపేటలో మంచుగడ్డల ఫ్యాక్టరీ పెట్టిన షావుకారు దగ్గర మిస్త్రీగా చేరాను. "అమోనియా మిషిను ఎరుకేనా?" అని ఆయన అడిగితే "అండ్లనే పెరిగిన" అన్నాను. (ఆ మిషినును మొదటిసారి చూసింది ఆ మాట అన్న పావుగంటకు.)

మిషిను సంగతి వినడానికి సులువే. సిలిండరులో పిస్టను ముందుకూ వెనక్కూ ఆడుతూ అమోనియా గ్యాసును ఒత్తుతుంది. ఆ గ్యాసు తిరిగే గొట్టాలే తొట్టిలోని నీళ్లను గడ్డ కట్టిస్తాయి. గ్యాసు పక్కనుంచి జారిపోకుండా పిస్టను చుట్టూ గాడుల్లో, ఒకచోట కోత ఉన్న ఇనుప రింగులు ఉంటాయి. పిస్టను కడ్డీ బయటికొచ్చే చోట గ్యాసు కారకుండా నూనెలో నానిన నూలుతాడు చుట్టి బిగిస్తారు. ఆ ఎండాకాలం రెండూ ఒక్కసారే అరిగిపోయాయి. మంచు గడ్డపెరుగులా వచ్చేది, కారిన గ్యాసు ఘాటుకు వీధి వీధంతా కళ్లు తుడుచుకునేది. ఊళ్లో ఎవరికీ గిట్టని ఒక పెద్దమనిషి పోతే ఆయన శవయాత్ర మా ఫ్యాక్టరీ ముందు నుంచే వెళ్లింది. అందరూ బొటబొటా కన్నీళ్లు కార్చారు. ఆయన కొడుకులు ఆ గౌరవాన్ని చాలాకాలం చెప్పుకున్నారు.

ఆ వారంలోనే నంగునూరులో షావుకారు వియ్యంకుడి ఇంట పెళ్లి. షర్బతుకు మంచు పంపుతానని ఈయన మాటిచ్చేశాడు. "పట్నం మిస్త్రీని తార్ కొట్టి పిలిపిస్త. ఆయన వచ్చేసరికి పెండ్లి అయిపోతదేమో" అన్నాడు దిగాలుగా.

"నేనుండంగ పట్నం మిస్త్రీ ఎందుకు సావుకారీ? రేపు పొద్దుగూకేవరకు నడిపిస్త."

"నడువకపోతె?"

"పెట్టె సదురుకొని నేనే పోత."

మర్నాడు పొద్దున్నే ఇంజను ఆపి, కవాటాలు మూసి, మిగిలిన గ్యాసును గొట్టంతో నీళ్లతొట్టిలోకి వదిలి, సిలిండరు మూత విప్పి పిస్టను బయటికి లాగాను. అంతవరకు నేను మొనగాణ్ణే. కావలసినవి మూడు రింగులు, పెట్టెలో ఉన్నవి ఐదు. పోత ఇనుము కాబట్టి కొంచెమే సాగుతుంది. రెండు చేతులతో సాగదీసి పిస్టను మీదికి తెచ్చానో లేదో టక్కుమని విరిగింది. రెండోదీ అంతే. ఇక మిగిలినవి సరిగ్గా మూడు. మూడోదాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

మధ్యాహ్నం ఎండకు మా రేకుల కింద బుట్ట దించుకుని కూర్చునే గాజులామె ఇదంతా చూస్తూనే ఉంది. "గట్ల గుంజితె ఇరుగదా కొడుకా?" అంది.

"గిది గాజు కాదు పెద్దమ్మా, ఇనుము."

"ఇనుమైతె ఎందుకిరుగుతున్నది మరి?"

ఆమె లేచి వచ్చి పిస్టనును ఇటూ అటూ చూసింది. "లావు చెయ్యికి గాజేసేటప్పుడు గాజును గుంజం. నడుమ నున్నటిది పెట్టి జారిస్తం. గీడ గసొంటిది ఏమన్న పెట్టరాదు?"

కిరసనాయిలు డబ్బా కోసి నాలుగు పలుచని రేకు ముక్కలు చేశాను. అంచులు నున్నగా రుద్ది, నూనె రాసి, పిస్టను చుట్టూ నిలబెట్టాను. కానీ రింగు పట్టుకునే ధైర్యం రాలేదు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, "నువ్వు రేకులు పట్టు" అని, బొటనవేళ్లతో రింగును కొంచెం కొంచెంగా జరుపుతూ పోయింది. రింగు మెల్లగా జారి తన గాడిలో కూర్చుంది. రెండోదీ, మూడోదీ అలాగే. "నొయ్యలేదు గద" అంది చివర్న, పిస్టనుతో. (అలవాటు.)

రింగుల కోతలు ఒకే వరసలో రాకుండా తిప్పి, పిస్టను లోపల పెట్టి, కడ్డీకి కొత్త తాడు చుట్టి బిగించాను. భయంతో మరీ బిగించేసరికి, కవాటాలు తెరిచి ఇంజను నడపగానే కడ్డీ వేడెక్కి పొగలొచ్చింది. కాస్త వదులు చేశాను. గ్యాసు ఒత్తిడి చూపే గడియారంలో ముల్లు పైకి లేచింది. వీధిలోకి పరుగెత్తి చూస్తే ఒక్కరూ కళ్లు తుడుచుకోవడం లేదు. మర్నాటి మంచుగడ్డ వెనక చెయ్యి పెడితే గీతలు లెక్కపెట్టుకోవచ్చు.

పొట్టులో, గోనెల్లో చుట్టిన మంచుతో బండి మీద నంగునూరు పోయాము. షావుకారు నన్ను వియ్యంకుడి పక్కనే కూర్చోబెట్టి "పట్నం మిస్త్రీ గూడ గింత జల్ది చెయ్యకపోవు" అన్నాడు. నేను నాలుగు గ్లాసుల షర్బతు తాగి, పెళ్లికొడుక్కి కూడా కంప్రెసరు గురించి విడమరచి చెప్పాను. గాజులామె సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత ఎన్ని ఊళ్లలో, ఎంతమందికి ఈ కథ చెప్పానో. ప్రతిసారీ రేకు ముక్కల ఉపాయం నాదే. ముసలితనంలో ఒక సాయంత్రం మనసు ఆగక నా భార్యకు అసలు సంగతి చెప్పేశాను. ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"నాకెరికే. మన పెండ్లికి నాకు గాజులేసింది ఆమెనే. నీకంటె ముందుగాల నీ మొగని మిషినుకు గాజులేసిన్నని అప్పుడే చెప్పింది."

నలభై ఏళ్లు నా గొప్పలన్నీ పక్కన కూర్చుని విని, ఒక్కసారి కూడా పెదవి కదపలేదు ఆ మనిషి. నాలుగు గ్లాసుల షర్బతు తాగిన ఆ మొనగాణ్ణి తలచుకుని, ఆ రోజు ఆమెతోపాటు నేనూ కూర్చుని బియ్యం ఏరాను.