నేను కొట్టిన ఊ

ఎవరినీ మాట పూర్తి చేయనివ్వనని నాకు పేరు. ఇంట్లోనూ అంతే, ఖతర్‌లో, లుసైల్‌లోని మా ఆఫీసులోనూ అంతే. ఆ ఒక్క రోజు మాత్రం అవతలి మనిషి చెప్పేది చివరిదాకా విని, అప్పుడు దులిపేద్దామనుకున్నాను.

అవతల మా మేనేజరు. నెదర్లాండ్స్‌లో కూర్చుని, కంప్యూటర్ మీటింగుల్లోనే మమ్మల్ని నడిపే మనిషి. టీంలో ఒకరు తగ్గాలట. భవనాల డ్రాయింగులు సరిచూసే నిజామాబాద్ ఆమె కాంట్రాక్టు ఇక పొడిగించరట. టీం లీడ్‌ని కాబట్టి నా అభిప్రాయం కావాలట. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆమె. ఆ ఉద్యోగం ఉంటేనే మెసైమీర్‌లో ఇల్లు, కూతురికి బడి.

ఆయన కారణాలు చెబుతూ పోయాడు. నేను జవాబులు రాసుకుంటూ మధ్యమధ్య ఊ కొట్టాను. మనకు ఊ అంటే వింటున్నాను, కానివ్వు అని. కథలో రాక్షసుడు రాకుమారిని ఎత్తుకుపోయాడన్నా ఊ అంటాం. ఎత్తుకుపోవడం మనకు సమ్మతమనా?

తలెత్తి చూస్తే, మాట్లాడినదంతా తెర అడుగున అచ్చవుతోంది. ఆయన ప్రతి వాక్యం కింద నా పేరు, పక్కన నా ఊకు బదులు యెస్. మళ్లీ యెస్. నేను నోరు తెరిచేలోగా ఆయన, ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాననుకోలేదని థాంక్స్ చెప్పి ఇంకో మీటింగుకు వెళ్లిపోయాడు.

పెద్ద మెయిల్ రాశాను. సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. వాళ్ల దగ్గర ఒప్పుకోనివాళ్లు మొదటి వాక్యం దగ్గరే ఆపుతారట, నేనైతే మరీనట. తెర మీద అచ్చయినదంతా అప్పటికే పైవాళ్లకు పంపేశానన్నాడు. ఊ అంటే ఏమిటో ఇంగ్లీషులో వివరించాను. అటునుంచి చిన్న చప్పుడు కూడా లేదు. లైను తెగిందనుకున్నాను. టీంలో ఫిలిప్పీన్స్ అతను బొటనవేలి బొమ్మ పెడితే చూశానని అర్థం, ఒప్పుకున్నానని కాదు అని ఈయనకు ఒకప్పుడు చెప్పింది నేనే.

ఆమెకు నేనే చెప్పాను, ఆఫీసులో టీ పెట్టుకునే పాంట్రీలో.

"గట్ల ఊ కొట్టినవేందక్కా," అని నవ్వింది. "ఊకె కొట్లాడేదానివి. గప్పుడేమైంది నీ నోటికి?"

కప్పు కడిగి బోర్లించాను.

ఆమె వెళ్లిపోయాక మీటింగుల్లో మైకు కట్టేసి కూర్చుంటున్నాను. మొన్న నిజామాబాద్ నుంచి ఫోన్ చేసింది. దుబాయ్ నుంచి ఎందుకొచ్చావని అందరూ అడుగుతున్నారట. ఖతర్ అని దిద్దడం మానేసిందట. చెబుతూ చెబుతూ ఆగింది.

"అక్కా, లైన్ల ఉన్నవా? సప్పుడు లేదేంది?"

"వింటున్నాను."

"మరి ఊ కొట్టరాదూ. గోడతోని మాట్లాడినట్టున్నది."

బిడ్డకు ఇంకా ఏ బడిలోనూ సీటు దొరకలేదంది.

ఊ అన్నాను.